సమాధి మీద చెక్కించుకున్న లెక్క

ఎనిమిదో తరగతికి వచ్చిన పిల్లలున్న ఇంట్లో ఏదో ఒక సాయంత్రం ఈ హోంవర్క్ తప్పదు. స్థూపం ఘనపరిమాణం ఎంత, శంకువుది ఎంత, గోళానిది ఎంత? మొదటిది సులువు. అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో గుణిస్తే సరి. రెండోది అందులో మూడో వంతు. గోళం దగ్గరకు వచ్చేసరికి మాత్రం 4/3 పై ఆర్ క్యూబ్ అని పిల్లలు బట్టీ పడతారు. గుంటూరులోనో వరంగల్‌లోనో మనమూ అలాగే బట్టీ పట్టాం. పైన ఆ నాలుగు ఎక్కడిది, కింద మూడు ఎందుకుంది అని పిల్ల అడిగితే అమ్మా నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిందే.

ఆ నాలుగునూ ఆ మూడునూ కనిపెట్టిన మనిషికి అవంటే ఎంత ఇష్టమో చెప్పాలంటే ఒక్క సంగతి చాలు. తాను పోయాక సమాధి మీద ఒక స్థూపం, దాని లోపల సరిగ్గా పట్టేలా ఒక గోళం, ఆ రెండింటి నిష్పత్తి చెక్కించమని ఆయన బంధువులను, స్నేహితులను కోరాడట. ఆయనే ఆర్కిమెడిస్. స్నానాల తొట్టి నుంచి లేచి యురేకా అంటూ వీధిలో పరుగెత్తినవాడుగా మనకు తెలిసిన ఆర్కిమెడిస్. ఆ కథ నిజమో కాదో తర్వాత చూద్దాం. ఆయన మాత్రం తనను ఆ కథతో గుర్తుపెట్టుకోమని అడగలేదు.

ఆర్కిమెడిస్ పుట్టింది క్రీ.పూ. 287 ప్రాంతంలో, సిసిలీ ద్వీపంలోని సిరక్యూజ్ నగరంలో. గ్రీకువాడే కానీ గ్రీసులో పుట్టినవాడు కాదు. ఆయన పుట్టడానికి దాదాపు నాలుగున్నర శతాబ్దాల ముందు కొరింత్ నగరం నుంచి కొందరు ఓడలెక్కి వచ్చి సిరక్యూజ్‌లో స్థిరపడ్డారు. తరాలు గడిచినా ఇళ్లలో వాళ్ల గ్రీకే మాట్లాడుకున్నారు. అదీ డోరిక్ యాసలో. చదువుకున్నవాళ్లంతా అప్పటికి అన్నిచోట్లా చెల్లే మామూలు గ్రీకులో రాస్తుంటే, ఆర్కిమెడిస్ తన గణితాన్ని తన ఊరి యాసలోనే రాసి సముద్రం అవతలికి పంపాడు. ఆయన పుస్తకాలు కొన్నింటిలో ఆ యాస ఇప్పటికీ కనిపిస్తుంది. గోళం, స్థూపం మీద రాసిన పుస్తకంలో మాత్రం తర్వాత నకళ్లు రాసినవాళ్లు దాన్ని తీసేసి మామూలు గ్రీకుగా దిద్దేశారు. పిల్లల నోట మన యాస ఎలా జారిపోతుందో రోజూ చూస్తున్న మనకు ఇదేమంత వింత కాదు.

తండ్రి పేరు ఫిడియాస్, ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుడు చంద్రుడి కంటే ఎన్ని రెట్లు పెద్దవాడో లెక్కకట్టడానికి ప్రయత్నించినవాళ్లలో ఆయనొకడు. సిరక్యూజ్ రాజు రెండో హియెరాన్‌తో ఈ కుటుంబానికి దగ్గరి పరిచయం ఉండేది, చుట్టరికం కూడా ఉందని ప్లుటార్క్ రాశాడు. ఆ రోజుల్లో చదువులకు రాజధాని ఈజిప్టులోని అలెగ్జాండ్రియా. ఆర్కిమెడిస్ కూడా అక్కడికి వెళ్లి చదువుకున్నాడని చరిత్రకారుల్లో చాలామంది నమ్మకం. అక్కడి కోనన్ ఆయనకు ప్రాణస్నేహితుడు. కోనన్ పోయాక తన పుస్తకాలను డోసిథియస్ అనే ఇంకో పండితుడికి పంపేవాడు. అక్కడి గ్రంథాలయాధికారి ఎరటోస్తనీస్‌కూ రాసేవాడు. సిరక్యూజ్‌లో ఆయన లెక్కలు అర్థం చేసుకునేవాళ్లు ఎంతమంది ఉండేవారో గానీ, మాట్లాడుకోదగ్గ మనుషులు ఓడ దూరంలో ఉన్నారు.

ఆయనలో కొంత కొంటెతనమూ ఉంది. ఏదైనా కొత్త ఫలితం కనిపెడితే రుజువు రాయకుండా ముందు ఫలితం ఒక్కటే అలెగ్జాండ్రియాకు పంపేవాడు, మీరూ ప్రయత్నించండి అన్నట్టు. కొందరు అవన్నీ తామే కనిపెట్టామని చెప్పుకోవడం మొదలుపెట్టారు. అప్పుడు ఆర్కిమెడిస్ నిజమైన ఫలితాల మధ్య రెండు తప్పుడు ఫలితాలు కలిపి పంపాడు. వాటినీ మేమే సాధించాం అన్నవాళ్లు దొరికిపోతారని. ఈ సంగతి ఆయనే సర్పిలాల పుస్తకం ముందుమాటలో బయటపెట్టాడు.

ఇక గోళం సంగతి. ఆయన కాలానికి పెట్టెలాంటి ఆకారాల ఘనపరిమాణం అందరికీ తెలుసు. పొడవు, వెడల్పు, ఎత్తు గుణిస్తే చాలు. స్థూపం కూడా అంతే, అడుగున నలుచదరానికి బదులు వృత్తం. శంకువు దగ్గర కాస్త చిక్కు వచ్చింది. ఒకే మూతి, ఒకే ఎత్తు ఉన్న శంకువునూ స్థూపాన్నీ తీసుకుంటే శంకువు సరిగ్గా మూడో వంతు. కాగితాన్ని కోన్‌లా చుట్టి, అదే మూతి, అదే ఎత్తు ఉన్న గ్లాసులోకి బియ్యం పోసి చూడండి, మూడు కోన్‌లకు గ్లాసు నిండుతుంది. ఈ మూడో వంతు మాట మొదట చెప్పినవాడు డెమోక్రిటస్. ఆయన రుజువు ఇవ్వలేదు. రుజువు చేసినవాడు యూడోక్సస్. పేరు యూడోక్సస్‌కు వచ్చినా, రుజువు లేకుండానైనా ముందు చెప్పిన డెమోక్రిటస్‌కు కూడా వాటా దక్కాలని ఆర్కిమెడిస్ పనిగట్టుకుని రాశాడు. తన ఫలితాలను ఇతరులు కొట్టేస్తుంటే వల వేసిన మనిషి, ఇతరుల వాటా దగ్గర ఇంత నికార్సుగా ఉన్నాడు.

గోళానికి మాత్రం అప్పటిదాకా రుజువుతో ఎవరూ సమాధానం చెప్పలేదు. ఎటు తిప్పినా వంపే. అడుగూ లేదు, అంచూ లేదు. ఆర్కిమెడిస్ దాన్ని నేరుగా కొలవకుండా, తెలిసిన ఆకారాల పక్కన పెట్టి చూశాడు.

ఒక గుండ్రటి డబ్బా తీసుకోండి. అందులో అటూ ఇటూ పైనా కిందా సరిగ్గా తాకేలా ఒక పెద్ద లడ్డూ పెట్టారనుకుందాం. డబ్బా అడుగు వ్యాసార్థం 7 సెంటీమీటర్లు. లడ్డూ సరిగ్గా పట్టింది కాబట్టి డబ్బా ఎత్తు 14 సెంటీమీటర్లు. పై విలువ 22/7 అనుకుంటే డబ్బా ఘనపరిమాణం 2,156 ఘన సెంటీమీటర్లు. లడ్డూది 1,437, ఆ పైన మూడో వంతు. అదే డబ్బాలో నిలబడే శంకువుది 718, ఆ పైన మూడింట రెండు వంతులు. శంకువునూ లడ్డూనూ కలిపితే డబ్బా. శంకువు ఒకటి, గోళం రెండు, స్థూపం మూడు. చిన్న డబ్బా అయినా పెద్ద డబ్బా అయినా ఈ 1, 2, 3 మారదు. మూడు టెన్నిస్ బంతులు వరసగా బిగుతుగా పట్టే డబ్బాలోనూ ఇదే లెక్క. బంతులు మూడింట రెండు వంతులు, మిగతాది గాలి.

ఈ 22/7 కూడా ఆయనదే. వృత్తం లోపలా బయటా 96 భుజాల బహుభుజులు గీసి, పై విలువ 3 పూర్ణాంకం 10/71 కంటే ఎక్కువ, 3 పూర్ణాంకం 1/7 కంటే తక్కువ అని తేల్చాడు. రెండోది మన 22/7.

పిల్ల అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పొచ్చు. గోళాన్ని సరిగ్గా సగానికి కోస్తే ఒక వృత్తం కనిపిస్తుంది. ఆ వృత్తం అడుగుగా, గోళం వ్యాసార్థమే ఎత్తుగా ఒక శంకువు నిలబెట్టండి. గోళం అలాంటి నాలుగు శంకువులకు సమానం అని ఆర్కిమెడిస్ రుజువు చేశాడు. పైనున్న నాలుగు ఆ నాలుగు శంకువులు. కిందనున్న మూడు శంకువులోని మూడో వంతు. అంతే.

అసలు ఆయనకు ఇది ఎలా తట్టింది? గోళం, స్థూపం మీద రాసిన పుస్తకం చదివితే అంతు చిక్కదు. అందులో రుజువు ఉంది, దారి లేదు. గోళం నాలుగు శంకువుల కంటే ఎక్కువ అనుకుంటే లెక్క పొసగదు, తక్కువ అనుకున్నా పొసగదు, కాబట్టి సమానం అని తేలుస్తాడు. వేలెత్తి చూపడానికి సందు ఉండదు. కానీ నాలుగు అనే సంఖ్య ముందే తెలిస్తే తప్ప ఆ రుజువు మొదలే కాదు. ఆయన మరేదో దారిలో కనిపెట్టి దాన్ని కావాలనే దాచాడని 17వ శతాబ్దపు గణితజ్ఞులు కొందరు అనుమానపడ్డారు కూడా.

దాచలేదు. ఎరటోస్తనీస్‌కు రాసిన ఒక పుస్తకంలో మొత్తం విప్పి చెప్పాడు. ఆ పుస్తకం శతాబ్దాల పాటు ఎవరికీ దొరకలేదు. అదెలా బయటపడిందో చివర్లో చెప్తాను. అందులో ఉన్నది తక్కెడ.

పార్కులో సీ-సా చూశారుగా. బరువైన పిల్లాడు మధ్యకు జరిగి, తేలికైన పిల్ల చివర కూర్చుంటే సరితూగుతుంది. బరువు సగమైతే దూరం రెట్టింపు కావాలి. ఆర్కిమెడిస్ ఈ సూత్రాన్ని ఆకారాల మీద పెట్టాడు. తక్కెడ కర్రకు ఒక పక్క, మధ్య బిందువు నుంచి చివరి దాకా, ఒక పెద్ద స్థూపాన్ని కర్ర వెంటే పడుకోబెట్టాడు. పొడవు మన లడ్డూ వ్యాసం అంతే, 14 సెంటీమీటర్లు. అడుగు వ్యాసార్థం మాత్రం రెట్టింపు, 14. అదే అడుగు, అదే పొడవుతో ఒక శంకువు. వీటితో పాటు మన గోళం. మూడింటినీ కీరాదోసను చక్రాలుగా తరిగినట్టు పలచటి ముక్కలుగా కోసినట్టు ఊహించాడు. ఒకే చోట కోసిన మూడు చక్రాలను చూస్తే, గోళం ముక్కనూ శంకువు ముక్కనూ తీసుకెళ్లి కర్ర రెండో చివర వేలాడదీసినప్పుడు, ఉన్నచోటే ఉన్న స్థూపం ముక్కతో అవి సరిగ్గా తూగుతాయి. ఏ చోట కోసినా ఇంతే. అలా ముక్కలన్నీ తరలించేస్తే గోళమూ శంకువూ మొత్తంగా ఆ చివర వేలాడుతుంటాయి, స్థూపం కదలకుండా ఇటు ఉంటుంది.

స్థూపం బరువు దాని నడిమి నుంచి లాగుతుంది, అంటే కర్రలో సగం దూరం నుంచి. అవతలివి పూర్తి దూరంలో ఉన్నాయి. కాబట్టి గోళం, శంకువు కలిసి స్థూపంలో సగం. ఆ పెద్ద స్థూపం 8,624 ఘన సెంటీమీటర్లు, సగం 4,312. శంకువు మూడో వంతు కాబట్టి 2,874, ఆ పైన మూడింట రెండు వంతులు. తీసేయండి. మిగిలేది 1,437, ఆ పైన మూడో వంతు. మన లడ్డూ.

నాకు తెలిసి గణితంలో ఇంతకంటే అందమైన తీసివేత లేదు. ఆయన మాత్రం దీన్ని రుజువు అనడానికి ఒప్పుకోలేదు. ఇది సమాధానం ఊహించడానికి పనికొచ్చే దారి, రుజువు వేరే చేయాలి అని ఎరటోస్తనీస్‌కు స్పష్టంగా రాశాడు. పలచటి ముక్కలన్నీ కలిస్తే మొత్తం ఆకారం అవుతుందని చెప్పడానికి కావలసిన గట్టి పునాది, మనం కాలేజీలో ఇంటిగ్రేషన్ పేరుతో చదువుకున్నది, ఏర్పడటానికి ఇంకా దాదాపు రెండు వేల ఏళ్లు పట్టింది. గోళం ఘనపరిమాణం ముందు తెలిసిందనీ, దాని నుంచే ఉపరితల వైశాల్యం నాలుగు వృత్తాలని తట్టిందనీ కూడా అందులోనే చెప్పాడు. మన పాఠ్యపుస్తకాల్లో వరస దీనికి తిరగేసి ఉంటుంది.

యురేకా కథకు వద్దాం. హియెరాన్ రాజు దేవుడికి బంగారు కిరీటం చేయించాడు. కంసాలి వెండి కలిపాడని అనుమానం. వంకర టింకర కిరీటం ఘనపరిమాణం కొలవడం ఎలా? నిండా నీళ్లున్న తొట్టిలో దిగినప్పుడు పొర్లిన నీళ్లే మునిగినదాని ఘనపరిమాణం అని ఆర్కిమెడిస్‌కు తట్టింది. ఈ కథ రాసిన విట్రూవియస్ రోమన్ ఇంజనీరు, ఆర్కిమెడిస్ పోయిన రెండు శతాబ్దాల తర్వాతివాడు. సూత్రంలో తప్పు లేదు, చిక్కల్లా కొలతలో. కిలో కిరీటంలో 300 గ్రాములు వెండి అనుకున్నా, అసలు బంగారానికీ దీనికీ ఘనపరిమాణంలో తేడా 13 ఘన సెంటీమీటర్లే. 20 సెంటీమీటర్ల వెడల్పు గిన్నెలో నీటిమట్టం తేడా అర మిల్లీమీటరు కూడా ఉండదు. కంసాలిని శిక్షించడానికి అది చాలదు. కిరీటాన్నీ అంతే బరువు బంగారాన్నీ తక్కెడకు కట్టి, రెండింటినీ నీళ్లలో ముంచి ఎటు మొగ్గుతుందో చూసి ఉంటాడని 1586లో 22 ఏళ్ల గెలీలియో రాశాడు. మళ్లీ తక్కెడే. తేలే వస్తువుల మీద ఆర్కిమెడిస్ రాసిన పుస్తకం చదివినవాళ్లకు గెలీలియో మాటే నమ్మబుద్ధేస్తుంది.

కిరీటం కంటే నాకు ఇసుక లెక్క ఇష్టం. హియెరాన్ కొడుకు గెలాన్‌కు రాసిన చిన్న పుస్తకం అది. ఇసుక రేణువులకు లెక్కలేదని అంటారు గదా, విశ్వమంతా ఇసుకతో నింపినా ఆ సంఖ్యకు పేరు పెట్టగలను అన్నది ఆయన పందెం. గ్రీకులో అప్పటికి పేరున్న పెద్ద సంఖ్య పదివేలు. మనకున్నట్టు లక్షలూ కోట్లూ వాళ్లకు లేవు. ఆయన గసగసాలతో మొదలుపెట్టాడు. ఒక గసగసాల గింజలో పదివేల రేణువులకు మించి పట్టవు అనుకున్నాడు. 40 గింజలు వరసగా పేరిస్తే ఒక వేలి వెడల్పు. వేలి వెడల్పు వ్యాసం ఉన్న గోళంలో ఎన్ని గింజలు? 40 కాదు, 40ని మూడుసార్లు గుణించాలి, 64,000. రేణువులైతే 64 కోట్లు. వ్యాసం పెరిగితే ఘనపరిమాణం ఎంత వేగంగా పెరుగుతుందో పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అలా గోళం మీద గోళం పెంచుకుంటూ, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న అరిస్టార్కస్ విశ్వం దాకా వెళ్లి, 1 తర్వాత 63 సున్నాల దగ్గర ఆగాడు. అందుకోసం కొత్త సంఖ్యల పద్ధతినే తయారు చేసుకున్నాడు.

క్రీ.పూ. 215లో హియెరాన్ చనిపోయాడు. రోమ్‌కూ కార్తేజ్‌కూ యుద్ధం నడుస్తోంది. హియెరాన్ జీవితాంతం రోమ్‌తో స్నేహంగా ఉండి నగరాన్ని కాపాడాడు. తర్వాత గద్దెనెక్కిన మనవడు కుర్రాడు. కార్తేజ్ వైపు మొగ్గాడు, కొద్ది కాలానికే హత్యకు గురయ్యాడు. చివరకు రోమన్ సేనాని మార్సెలస్ సైన్యంతో వచ్చి సిరక్యూజ్‌ను ముట్టడించాడు. అప్పటికి ఆర్కిమెడిస్‌కు 70 దాటాయి.

ఆ వయసులో ఆయన నగరానికి కోట అయ్యాడు. దూరానికో రకం, దగ్గరకో రకం రాళ్లు విసిరే యంత్రాలు. గోడ దగ్గరకొచ్చిన ఓడ ముక్కును పట్టి పైకెత్తి ధబాలున వదిలే ఇనుప పంజాలు. కోట గోడ మీద తాడు ముక్క కనిపించినా రోమన్ సైనికులు పారిపోయేవారట. దాడి కుదరక మార్సెలస్ నగరానికి తిండి అందకుండా చుట్టూ కాపలా పెట్టి కూర్చున్నాడు. అద్దాలతో ఓడలు తగలబెట్టాడన్న కథ పిల్లల పుస్తకాల్లో ఉంటుంది. ముట్టడిని వివరంగా రాసిన పొలిబియస్, లివీ, ప్లుటార్క్ ముగ్గురూ దాని ఊసెత్తలేదు. ఇంత చేసినా ఆ యంత్రాల గురించి ఆర్కిమెడిస్ ఒక్క పుస్తకం రాయలేదు. అవి ఆయన దృష్టిలో రాయదగ్గవి కావని ప్లుటార్క్ చెప్తాడు.

క్రీ.పూ. 212లో ఆర్టెమిస్ దేవత పండగ రోజుల్లో నగరం తాగి ఆదమరిచి ఉన్నప్పుడు రోమన్లు బయటి గోడ ఎక్కారు. లోపలి భాగం తర్వాత నమ్మకద్రోహం వల్ల పడింది. దోపిడీ మొదలైంది. ఆ గందరగోళంలో ఒక సైనికుడు ఆర్కిమెడిస్‌ను చంపాడు. ఎలా అన్నదానికి ప్లుటార్క్ ఒకటి కాదు, మూడు కథలు చెప్పాడు. గీసుకున్న బొమ్మలో మునిగి సైనికుడి పిలుపుకు లేవలేదని ఒకటి. చేస్తున్న లెక్క పూర్తయ్యేదాకా ఆగమని బతిమాలాడని ఇంకొకటి. మూడోది అంతగా ప్రచారంలో లేదు. ఆయన తన గణిత పరికరాలు, గోళాలు, నీడ గడియారాలు ఒక పెట్టెలో పెట్టుకుని మార్సెలస్ దగ్గరకు వెళ్తుంటే, అందులో బంగారం ఉందనుకుని సైనికులు చంపేశారట. ఏది నిజమైనా, ఆయనను చంపడం మార్సెలస్ కోరుకున్నది కాదు. ఆయన బాధపడ్డాడు, ఆర్కిమెడిస్ బంధువులను వెతికించి గౌరవించాడు. ఆర్కిమెడిస్ చేసిన, సూర్యచంద్రుల గ్రహాల కదలికలు చూపే యంత్రాన్ని తనతో రోమ్‌కు తీసుకెళ్లాడు.

కోరినట్టే సమాధి కట్టారు. చిన్న స్తంభం, దాని మీద స్థూపం, గోళం, కింద కొన్ని పద్య పంక్తులు. ఆ తర్వాత మరిచిపోయారు.

137 ఏళ్లు గడిచాయి. క్రీ.పూ. 75లో సిసెరో రోమ్ తరఫున ఆర్థిక అధికారిగా సిసిలీ వచ్చాడు. ఆర్కిమెడిస్ సమాధి ఎక్కడని సిరక్యూజ్ పెద్దలను అడిగితే అలాంటిదేమీ లేదని చెప్పారు. సిసెరోకు ఆ పద్యాల సంగతి తెలుసు. గోళం, స్థూపం ఉంటాయని తెలుసు. ఊరి గేటు బయట సమాధుల మధ్య వెతికి వెతికి, ముళ్లపొదల పైన కాస్త తల ఎత్తిన ఒక చిన్న స్తంభం చూశాడు. కొడవళ్లతో మనుషులను పంపి పొదలు కొట్టించాడు. దారి పడ్డాక దగ్గరకెళ్లి చూస్తే పద్యాల్లో సగం అరిగిపోయింది, సగం మిగిలింది. ఒకప్పుడు చదువులకు అంత పేరున్న గ్రీకు నగరానికి తన గొప్ప పౌరుడి సమాధిని అర్పీనమ్ అనే చిన్న ఊరి మనిషి చూపించాల్సి వచ్చిందని సిసెరో కాస్త గర్వంగానే రాసుకున్నాడు. ఆ సమాధి మళ్లీ పోయింది. ఇప్పుడు సిరక్యూజ్ వెళ్తే ఆర్కిమెడిస్ సమాధి అని ఒక రాతిగుహను చూపిస్తారు. అది ఆ తర్వాతి కాలపు రోమన్ సమాధి, ఆయనది కాదు. సెలవులకు ఇటలీ వెళ్లేవాళ్లు ఫొటో దిగేముందు ఈ మాట గుర్తుంచుకోండి.

పుస్తకం కథ ఇంకా విచిత్రం. పదో శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్‌లో ఎవరో ఆర్కిమెడిస్ పుస్తకాలను తోలు కాగితాల మీద నకలు రాశారు. తక్కెడ పుస్తకం కూడా అందులో ఉంది. 1229లో ఒక క్రైస్తవ పూజారికి ప్రార్థనల పుస్తకం కోసం తోలు అవసరమైంది. తోలు ఖరీదు. పాత అక్షరాలను గీకేసి, పుటలను అడ్డంగా తిప్పి మడిచి, వాటి మీద ప్రార్థనలు రాశాడు. మన తాటాకు మీద గంటంతో గీసినదాన్ని అంత తేలిగ్గా చెరపలేరు, తోలు మీద సిరాను చెరపొచ్చు. ఆ ప్రార్థనల పుస్తకం బెత్లెహేమ్ దగ్గరి మఠంలో శతాబ్దాలు గడిపింది, మళ్లీ కాన్‌స్టాంటినోపుల్ చేరింది. 1906లో డెన్మార్క్ పండితుడు హైబర్గ్ వెళ్లి, భూతద్దం పట్టుకుని ప్రార్థనల కింద మసగ్గా ఉన్న గీతలు చదివాడు. ఆర్కిమెడిస్ తక్కెడ లోకానికి తెలిసింది అప్పుడే. నిజానికి ఆ ప్రార్థనలే దాన్ని కాపాడాయి. మఠంలో గణితం పుస్తకాన్ని అన్ని శతాబ్దాలు ఎవరు దాస్తారు?

తర్వాత అది మళ్లీ మాయమైంది. బూజు పట్టింది. ధర పెంచడానికి ఎవరో 20వ శతాబ్దంలో కొన్ని పుటల మీద బంగారు రంగుతో పాతకాలపువని నమ్మించేలా బొమ్మలు వేశారు. 1998 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్న మనిషి పేరు చెప్పుకోకుండా దాన్ని బాల్టిమోర్‌లోని వాల్టర్స్ ఆర్ట్ మ్యూజియంకు అప్పగించాడు. బంగారు బొమ్మల కింద ఉన్న పుటలను కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ ప్రయోగశాల ఎక్స్‌రేలతో చదివారు. పాత సిరాలో ఇనుము ఉంది, ఎక్స్‌రే పడగానే ఆ ఇనుము వెలిగింది. పుటల చిత్రాలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. మీ పిల్లలకు చూపించొచ్చు. ఒక దిక్కున ప్రార్థనలు, వాటి కింద అడ్డంగా, గోధుమ రంగులో, గణితం.

ఈ లెక్క మన దేశంలోనూ నడిచింది. 499లో ఆర్యభటుడు గోళం ఘనపరిమాణానికి ఇచ్చిన సూత్రం తప్పింది, అసలు కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ వస్తుంది. అంతటి మహానుభావుడికీ గోళం దొరకలేదు. 1150లో లీలావతిలో భాస్కరాచార్యుడు సరైన సమాధానం ఇచ్చాడు. ఉపరితలం నాలుగు వృత్తాలు, దాన్ని వ్యాసంతో గుణించి ఆరుతో భాగిస్తే ఘనపరిమాణం. వేసి చూడండి, 4/3 పై ఆర్ క్యూబే వస్తుంది.

గణితంలో అత్యున్నతమైన పురస్కారాల్లో ఒకటి ఫీల్డ్స్ పతకం. 1936 నుంచి ఇస్తున్నారు. 2014లో దాన్ని అందుకున్న మంజుల్ భార్గవ కెనడాలో పుట్టి అమెరికాలో పెరిగాడు. 2018లో అందుకున్న అక్షయ్ వెంకటేశ్ ఢిల్లీలో పుట్టి ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పెరిగాడు. ఆ బంగారు పతకానికి ఒక వైపు ఆర్కిమెడిస్ ముఖం ఉంటుంది. తిప్పితే రెండో వైపు ఒక కొమ్మ, దాని వెనక స్థూపం, ఆ స్థూపంలో సరిగ్గా పట్టిన గోళం.